త్రవ్వించినవారు, త్రవ్వినవారు



జీర్ణోద్ధరణ, పునఃప్రతిష్ఠా మహోత్సవ సందర్భమున వెలువడుచున్న ఈ సంచికలో గోపురమును గూర్చియు, ధ్వజస్తంభమును గూర్చియు వ్రాయుటకు సమర్థులైన పెద్దలు ఉన్నారు. కోనేటిని గూర్చి నాలుగు మాటలు వ్రాయుమని ఆలయ కమిటీవారు నన్ను కోరినారు. తెల్లవారుజామున తీర్థబిందెతో ఆ మెట్లు దిగి ఎక్కుట నా నిత్యకృత్యము గనుక ఈ పని నాకు అప్పగించియుందురు. తటాక నిర్మాణము వలన కలుగు పుణ్యమును మీరు పురాణ శ్రవణములో విన్నవారే. నేను వ్రాయదలచినది వేరొక సంగతి. చెరువు కావలెనని సంకల్పించినవాడు ఎవరిని పిలిచి ఆ పని అప్పగించినాడు, ఎవరి మాట విన్నాడు అనునది.

నేను చదివిన శాసన పాఠములలో “త్రవ్వించెను” అను మాట తరచుగా కనిపించును. “త్రవ్వెను” అను మాట మాత్రము కానరాదు. పుత్రుడు, నిధి, దేవాలయము, అగ్రహారము, వనము, తటాకము, కావ్యము అను ఏడింటిని మన పెద్దలు సప్తసంతానములన్నారు. ఈ ఏడును మనిషి గతించిన తరువాత అతని పేరు నిలుపునవి. కొండవీటి ప్రభువు పెదకోమటి వేమారెడ్డి దేవి సూరాంబిక తాను త్రవ్వించిన చెరువునకు సంతానసాగరమని పేరు పెట్టుటలోని భావము ఇదియే. ఆ సంగతి తెలుపు ఫిరంగిపురము శాసనము శాలివాహన శకము 1331, అనగా క్రీ.శ. 1409 నాటిది. దానిని రచించినవాడు కవిసార్వభౌముడు శ్రీనాథుడు. ఆ చెరువునకు నీరు తెచ్చు కాలువ జగనొబ్బగండ కాలువ. దానిని త్రవ్వించినవాడు యువరాజు రాచవేముడు. రాణి పేరు, రాజకుమారుని పేరు, కవి పేరు మనకు తెలిసినవి. పలుగు పట్టినవాని పేరు తెలియలేదు.

ఇందుకు భిన్నమైన శాసనము ఒకటి కలదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువును గూర్చిన ఆ శాసనము శకవర్షము 1291, క్రీ.శ. 1369 నాటిది. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు ఆ చెరువు కట్టించినాడు. దినమునకు 1,000 మంది కూలీలు, రాళ్లు తోలుటకు 100 బండ్లు, పని ముగియుటకు రెండు సంవత్సరములు పట్టినవని అందులో లెక్క వ్రాసినారు. దానధర్మములను లెక్కించిన శాసనములు వేలకు వేలు ఉండవచ్చును గాని, కూలివారిని ఇట్లు లెక్కించినవి అరుదు. అంతేగాక మంచి చెరువునకు పన్నెండు అంగములు, ఆరు దోషములు అందు చెప్పబడినవి. అంగములలో మొదటిది ధర్మమునెరిగిన ధనవంతుడైన రాజు. రెండవది జలశాస్త్రము తెలిసిన బ్రాహ్మణుడు. పిమ్మట గట్టి బంకనేల, తీయని నీరు గల నది, కొండల మధ్య గట్టి రాతికట్ట, లోతు వైశాల్యము గల గర్భము, మంచి రాతిగని మొదలగునవి. పన్నెండవది, అనగా చిట్టచివరిది, త్రవ్వకపు పనిలో ఆరితేరిన జనసమూహము.

ఈ వరుసను చదివినప్పుడు నాకు కొంచెము సిగ్గు కలిగినది. రెండవ స్థానములో నిలుచువారి కోవకు చెందినవాడను నేను. నా అనుభవములో మాత్రము మొదట పిలువవలసినవాడు ఆ పన్నెండవవాడే. అది ఎట్లు తెలిసినదో ముందు చెప్పెదను.

భూమి త్రవ్వుట మన దేశమున కులవిద్యగా నిలిచినది. వడ్డెరలు, ఉప్పరులు ఈ విద్యలో పేరెన్నికగన్నవారు. ఉప్పరులు తమను సగరులని చెప్పుకొందురు. సగర చక్రవర్తి పుత్రులు అరువదివేలమంది భూమిని త్రవ్విన గోతియే సాగరమైనదని రామాయణ గాథ. తమ మూలపురుషులు సముద్రమునే త్రవ్వినవారని చెప్పుకొనుటలో ఎంత ఆత్మగౌరవమున్నదో గమనించితిరా! పురుషుడు పలుగుతో పెకలించును, పారతో ఎత్తును. స్త్రీ తట్ట మోయును. నేల మధ్యలో అక్కడక్కడ మట్టి దిమ్మెలను త్రవ్వక వదలుదురు. పాత నేల ఎత్తు ఎంత ఉండెనో ఆ దిమ్మె తెలుపును గనుక దానిని సాక్షి యందురు. దిమ్మె ఎత్తును, గోతి పొడవు వెడల్పులను కొలిచి కూలి కట్టుదురు. యజమానికిని పనివానికిని నడుమ కాగితము లేని కాలమున మట్టియే సాక్ష్యము చెప్పినది.

విజయనగరము చెంత కృష్ణదేవరాయలు పెద్ద చెరువు కట్టించునప్పుడు పదునైదు ఇరువది వేలమంది చీమల బారులవలె పని చేయుచుండగా చూచితినని పోర్చుగీసు యాత్రికుడు పేస్ వ్రాసినాడు. మన గోదావరి మాటకు వచ్చిన, 1847లో ధవళేశ్వరము ఆనకట్ట పని మొదలైనప్పుడు కాటన్ దొర సుమారు 10,000 మంది కూలీలను పెట్టినాడు. వారిని సమకూర్చి పని నడిపించుటలో ఆయనకు కుడిభుజమై నిలిచినవాడు వీణెం వీరన్నగారు. 1852 నాటికి ఆనకట్ట పూర్తయినది. గన్నవరము వద్ద వైనతేయమును దాటించి రాజోలు ప్రాంతమునకు నీరు పంపిన పాత అక్విడక్టు ఆ కాలపు పనియే. దాని చెంత 2000లో కట్టిన క్రొత్తదానికి అన్నపూర్ణ డొక్కా సీతమ్మగారి పేరు పెట్టినారు.

కాలువలు వచ్చిన తరువాత కోనసీమలో చెరువుల అవసరము తీరినదని కొందరనుకొందురు. అది సరికాదు. వేసవిలో కాలువలు కట్టివేయుదురు. కట్టివేయుటకు ముందు ఊరి మంచినీటి చెరువు నింపుకొననిచో తొలకరి వరకు గుక్కెడు నీటికి ఇబ్బందియే. పైగా మనకు కొండలు లేవు, రాయి లేదు. పోరుమామిళ్లవలె కట్ట వేసి నీరు ఆపు వీలు లేదు. మనది గోదావరి తెచ్చి పోసిన మట్టి. ఇక్కడ చెరువనిన త్రవ్వవలసినదే. త్రవ్విన కొలది క్రింద పొంచియున్నది ఉప్పు. పోరుమామిళ్ల శాసనము చెప్పిన ఆరు దోషములలో ఉప్పునేల ఒకటి.

ఈ ఉప్పు సంగతి కొంత వివరించవలెను. తీపినీరు తేలిక, సముద్రపు నీరు బరువు. తీరభూములలో ఇంకిన వాననీరు క్రింది ఉప్పునీటిపై మీగడవలె తేలుచుండును. సముద్రమట్టమునకు పైన ఒక అడుగు ఎత్తున తీపినీరు నిలిచిన, క్రింద సుమారు 40 అడుగుల వరకు తీపినీరే ఉండును. పైన ఆ అడుగు తగ్గెనా, క్రిందినుండి ఉప్పు అంతకంత పైకి ఎక్కును. ఈ లెక్కను 19వ శతాబ్ది చివర డచ్చి దేశస్థుడు బాడన్ ఘైబెన్, 1901లో జర్మను దేశస్థుడు హెర్జ్‌బెర్గ్ వేరువేరుగా నిరూపించినారు. లెక్క తెలియకున్నను మర్మము మనవారికి తెలియును. బాపట్ల, చీరాల తీరపు ఇసుక నేలలలో రైతులు తీసిన దొరువులను చూడుడు. లోతు తక్కువ, వైశాల్యము ఎక్కువ. మీగడను మాత్రమే తీసికొని క్రింది పొరను కదపరు.

ఇక నా సంగతి. సుమారు ఇరువది అయిదు సంవత్సరముల క్రిందట సముద్రమునకు చేరువలోనున్న ఒక గ్రామమున, ఒక గృహస్థు తన కొబ్బరితోటలో చెరువు త్రవ్వించదలచి ముహూర్తమునకై నన్ను పిలిచినాడు. తిథివార నక్షత్రములు చూచి పెట్టినాను. తూర్పు పడమరలుగా పొడవుండవలెనని వరాహమిహిరుడు బృహత్సంహితలో చెప్పిన విధియు చెప్పినాను. ఉత్తర దక్షిణములుగా పొడవైనచో గాలికెగయు అలలు గట్టును కోయునని దాని భావము. అంతయు శాస్త్రోక్తముగా జరిగినది. యంత్రము తెచ్చినవానికి ఘనపుటడుగుల లెక్కన బేరము. ఎంత లోతు పోయిన వానికి అంత లాభము. నాలుగు దినములలో తాడి లోతు గొయ్యి తీసినాడు. ఆరవనాటికి ఊరిన నీటిని నోట పోసికొనిన ఆ గృహస్థు ముఖము నాకిప్పటికిని కన్నులయెదుట ఉన్నది. రెండేండ్లలో ఆ గట్టు వెంబడి చెట్ల మట్టలు పండిపోయినవి. ఆ ఊరిలోనే మట్టి పని ఎరిగిన వృద్ధుడొకడుండెను. అతనిని పిలువుమని నేను చెప్పలేదు. నాకు తోచనేలేదు.

అందుచేత మన కోనేటి పూడిక తీయించు ప్రస్తావన వచ్చినప్పుడు నేను కమిటీవారిని వేడుకొనినది ఒక్కటే, ముహూర్తమునకు ముందు మట్టి పనివారిని పిలువవలెనని. వచ్చినవారిలో పెద్దవాడు రోజుకు మూరెడు మించి దింపనీయలేదు. ప్రతి ఉదయమును ఊటనీటిని దోసిట పట్టి రుచి చూచి, అప్పుడే పని మొదలుపెట్టించెడివాడు. ఒకనాడు ఈశాన్య మూలను చూపి, “ఇక దిగొద్దు బాబూ, కింద సవర తగులుతోంది” అన్నాడు. ఇంకను రెండడుగులు దింపిన శోభగా ఉండునని కొందరు దాతలు పట్టుబట్టినారు. వారి శ్రద్ధ నాకు తెలియును, తప్పుపట్టుట లేదు. కాని పని అక్కడనే ఆగినది. ఆ నీరే నేడు మీరు చూచుచున్నది. పూడికలో తేలిన నల్లమట్టి ఆలయపు కొబ్బరితోటకు చేరినది.

తటాక ప్రతిష్ఠలో ఉత్సర్గమను విధి కలదు. వరుణుని ఆవాహన చేసి, బంగారపు తాబేలు మొసలి, వెండి చేప, రాగి ఎండ్రకాయ కప్ప మొదలగు ప్రతిమలను నీట విడుతురు. గోవును నీటిలో దింపి, యజమాని తోక పట్టుకొని ఆవలి గట్టు చేరును. ఆ పిమ్మట ఈ జలము నాది కాదు, సర్వభూతములది అని ధారపోయవలెను. పశువు, పక్షి, బాటసారి అందరును అందులో చేరినవారే. ఆ క్షణమునుండి త్రవ్వించినవానికి మిగులునది పేరు మాత్రమే.

ప్రతిష్ఠ నాటి ఉదయము ఈ ఉత్సర్గము జరుగును. దాతల నామములు ఈ సంచికలోను, ప్రాకారపు గోడపైనను ఉన్నవి. పలుగు పట్టినవారి పేర్లను, తట్ట మోసిన తల్లుల పేర్లను ఈశాన్యపు మెట్టు ప్రక్కన పలకపై చెక్కించుటకు కమిటీవారు అంగీకరించినారు. మీరు తీర్థము పుచ్చుకొనుటకు వచ్చినప్పుడు ఆ మెట్టు వద్ద ఒక్క నిమిషము ఆగి ఆ పేర్లు చదువవలెనని కోరుచున్నాను. పై మెట్టు నుండి చూచిన అక్షరములు కనబడవు, కొంచెము దిగవలెను.