బొగ్గు ఊరి కరెంటు బిల్లు

వార్ధా నదికి ఇవతల సాస్తి, అవతల బల్లార్షా. బ్రిటిషు వాళ్ల కాలంలో ఆ నదే సరిహద్దు. అవతలి ఒడ్డు సెంట్రల్ ప్రావిన్సెస్‌లోని చాందా జిల్లా. ఇవతలి రాజురా తాలూకా నిజాం రాజ్యంలో, ఆదిలాబాదు జిల్లాలో ఉండేది. 1956లో భాషల వారీగా రాష్ట్రాలు పంచినప్పుడు రాజురా బొంబాయి రాష్ట్రానికి పోయింది. కొన్నాళ్లు నాందేడులో ఉండి 1959లో చాందా జిల్లాలో కలిసింది. ఇప్పుడక్కడ వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ వాళ్ల బల్లార్‌పూర్ ఏరియా గనులు. గని పనికి తెలంగాణ వైపు నుంచి వచ్చి నిలిచిపోయిన కుటుంబాల్లో మాట తెలుగు, బజారు హిందీ, కరెంటు బిల్లు మరాఠీ.

ఆ బిల్లును నిదానంగా చదవాలి. స్థిర్ ఆకార్, వీజ్ ఆకార్, వహన్ ఆకార్, ఇంధన్ సమాయోజన్ ఆకార్, అన్నిటి కింద వీజ్ శుల్క్. 2024–25 రేట్లతో నెలకు 150 యూనిట్లు కాల్చిన ఇంటి లెక్క వేద్దాం. మొదటి వంద యూనిట్లకు 4.71 చొప్పున 471 రూపాయలు. తర్వాతి యాభైకి 10.29 చొప్పున 514 రూపాయల 50 పైసలు, అంటే వందకంటే యాభైకే ఎక్కువ. లైన్ల మీద మోసుకొచ్చినందుకు యూనిట్‌కు రూపాయి 17 పైసలు. వాడినా వాడకపోయినా కట్టాల్సింది 128. ఈ మొత్తం మీద రాష్ట్ర ప్రభుత్వం సుంకం 16 శాతం. దాదాపు 1,495 రూపాయలు తేలుతుంది. ఇంధన సర్దుబాటు ఉంటే అది వేరే. ఒక్కో పద్దు వెనక ఒక్కో కాలం ఉంది.

1960లో మహారాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడింది. కరెంటు తయారీ, సరఫరా, వసూలు అన్నీ దాని చేతిలోవే. రేటు పెరిగితే తిట్టడానికి ఒకే గుమ్మం, దాని వెనక ఒకే మంత్రి. 1977లో వ్యవసాయ పంపులకు మీటర్లు పక్కనపెట్టి హార్స్‌పవర్ లెక్కన చార్జీ పెట్టారు. రైతుకు సులువైంది, బోర్డుకు మరీ సులువైంది. మీటరు లేని చోట ఎంత కాలిందో అంచనాయే గదా! దారిలో పోయింది, దొంగలు తీసుకున్నది కూడా పంపుసెట్ల ఖాతాలో రాసేయొచ్చు. తర్వాత వచ్చిన నియంత్రణ కమిషన్ ఆ అంచనాలను పదేపదే కత్తిరించింది. అయినా పట్నాల్లో రైతుమీద పడ్డ నింద మాత్రం చెరగలేదు.

1983లో చంద్రపూర్ థర్మల్ కేంద్రం మొదటి యూనిట్ వెలిగింది. పాతవి రెండు మూతపడి కొత్తవి చేరాక నేటి సామర్థ్యం 2,920 మెగావాట్లు. చుట్టూ గనులున్నా జిల్లాకు చవక కరెంటు రాలేదు, బూడిద మాత్రం వచ్చింది.

నింద దిశ మార్చింది అమెరికా కంపెనీ ఎన్రాన్. 1993లో శరద్ పవార్ ప్రభుత్వ హయాంలో దాని దాభోల్ విద్యుత్ కేంద్రం ఒప్పందం కుదిరింది. ఇది గిట్టుబాటు కాదని ప్రపంచ బ్యాంకు అప్పటికే చెప్పి అప్పు ఇవ్వనంది. అరేబియా సముద్రంలో పారేస్తామంటూ గెలిచిన శివసేన–బీజేపీ కూటమి 1995లో రద్దు చేసి, 1996లో తానే ఇంకా పెద్ద ఒప్పందం చేసుకుంది. 1999లో 740 మెగావాట్ల మొదటి దశ మొదలైంది. చంద్రపూర్ బొగ్గు కరెంటు చవగ్గా ఉండగా, ఒక దశలో దాభోల్ యూనిట్ ఖరీదు 7 రూపాయల 80 పైసల దాకా పోయింది. వాడకపోయినా స్థిర చార్జీ కట్టాల్సిందే. 2001లో మాధవ్ గోడ్బోలే కమిటీ తప్పులన్నీ విప్పి చూపాక బోర్డు చేతులెత్తేసింది. ఒప్పందం మీద సంతకాలు పెట్టిన వాళ్లెవరి ఇంటి బిల్లూ దానివల్ల పెరగలేదనుకుంటాను.

అదే సమయంలో హైదరాబాదులో ఇంకో రకం పాఠం. 1999 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డును ముక్కలు చేశారు. 2000లో చార్జీలు పెంచారు. దానిపై నిరసనలో ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. పెంపు కమిషన్ ఆదేశమని ప్రభుత్వం అంటే, సంస్కరణలు తెచ్చిందెవరని జనం అడిగారు. 2004 మేలో కొత్త ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖరరెడ్డి మొదటి సంతకం ఉచిత విద్యుత్తు మీద పడింది.

2003 విద్యుత్ చట్టం వచ్చింది. 2005 జూన్‌లో మహారాష్ట్ర బోర్డు కూడా మహాజెన్‌కో, మహాట్రాన్స్‌కో, మహావితరణ్‌గా విడిపోయింది. నా దృష్టిలో అసలు మలుపు ఇదే. చంద్రపూర్ కరెంటు మహాజెన్‌కో అమ్ముతుంది, మహావితరణ్ కొంటుంది. ఖర్చు పెరిగితే కమిషన్ అనుమతితో ఇంటికి దాటుతుంది. కొనేవాడికి నష్టం రాని చోట గట్టిగా బేరమాడేదెవరు? 2017లో సుప్రీంకోర్టు, దేశీయ బొగ్గు కేటాయింపు విధానంలో మార్పును చట్టం మారినట్టే లెక్కించాలని చెప్పాక, ప్రైవేటు కంపెనీల బొగ్గు కొరత ఖర్చు కూడా ఆ దారే పట్టింది. 2022 వేసవిలో కొరతొచ్చి పదిశాతం విదేశీ బొగ్గు కలపమని కేంద్రం అన్నప్పుడూ అంతే.

ఢిల్లీ వాటా చిన్నదేం కాదు. 2010లో టన్ను బొగ్గుకు 50 రూపాయలతో మొదలైన సెస్సు 2016కు 400 అయింది. ఒక యూనిట్‌కు ముప్పావు కిలో బొగ్గు కాలుతుందనుకుంటే, ఆ సెస్సే యూనిట్‌కు 30 పైసలు అయ్యేది. దాని మీద మళ్లీ రాష్ట్రం 16 శాతం. బొగ్గు మీద రాయల్టీ వేరు. గని దగ్గర ధర పెంచిన ప్రభుత్వాలే బిల్లు పెరిగిందని ఒకదాన్నొకటి తిట్టుకోవడం మనకు అలవాటైపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 చివర్లో కమిషన్ 2022–23కు 6,072 కోట్లు, 2023–24కు 9,412 కోట్లు ఇంధన సర్దుబాటు కింద వసూలుకు అనుమతించింది. ఆ రెండేళ్లూ పాలించిన పార్టీ డిసెంబరు 27న చార్జీల మీద ఆందోళనకు దిగింది. ఇప్పుడు పాలిస్తున్న పార్టీ, పాపమంతా మీదేనంది.

చంద్రపూర్‌లో వాదన ఇంకో రూపం తీసుకుంది. పొగ, బూడిద మావి, వెలుగు ఊరందరిదా అంటూ జిల్లా వాసులకు 200 యూనిట్లు ఉచితంగా ఇవ్వాలన్న డిమాండును కిశోర్ జోర్గేవార్ భుజానేసుకున్నారు. 2019లో స్వతంత్రుడిగా చంద్రపూర్ నుంచి అసెంబ్లీకి గెలిచారు. 2024లో బీజేపీ తరఫున మళ్లీ గెలిచారు. 200 యూనిట్లు మాత్రం రాలేదు. 2024 మార్చి నుంచి తెల్లకార్డు ఇళ్లకు 200 యూనిట్ల వరకు జీరో బిల్లు మొదలైంది గానీ, అది హద్దు అవతల తెలంగాణలో. మంచిర్యాలలో ఉన్న బంధువుకు 150 యూనిట్లకు సున్నా, సాస్తిలో ఉన్నవాడికి 2024–25 రేట్లతో 1,495. ఆ సున్నా ఖర్చును తెలంగాణ ఖజానా పంపిణీ సంస్థకు కట్టాలి. కట్టకపోతే అప్పవుతుంది, ఆ అప్పు ఎప్పుడో ఒక రేటుగా తిరిగొస్తుంది.

2025 మార్చి 28న మహారాష్ట్ర కమిషన్ రేట్లు తగ్గిస్తూ ఆదేశమిచ్చింది. మహావితరణ్ పునఃసమీక్ష కోరగానే దాన్ని ఆపి, జూన్‌లో మార్చి ఇచ్చింది. సెప్టెంబరు 22న బొగ్గు మీద 400 సెస్సు పోయింది, జీఎస్టీ 5 నుంచి 18 శాతానికి పెరిగింది. టన్ను వెయ్యి రూపాయల బొగ్గుకు లెక్కేస్తే పన్ను 450 నుంచి 180కి దిగుతుంది. సాస్తిలో మరాఠీ చదవగలిగిన వాళ్లు ఇకమీదట చూడాల్సింది ఇంధన్ సమాయోజన్ ఆకార్ ఎదురుగా ఉన్న అంకె.