బలం పులిది, లెక్క మేకది: అసమాన ఆటల్లో సమతూకం గురించి

నాపరాయికి పేరుపడ్డ నేల నంద్యాల జిల్లా. బేతంచెర్ల, బనగానపల్లె వైపు గనుల్లో తీసిన బండలు బండి ఆత్మకూరు నుంచి ఆళ్లగడ్డ దాకా ఇళ్లలోనూ అరుగుల మీదా పరిచి కనిపిస్తాయి. అలాంటి బండమీద సుద్దతోనో బొగ్గుతోనో గీసుకొని ఆడుకునే పులిమేక, అదే పులిజూదం, పైకి చూస్తే అన్యాయమైన ఆట. ఒకరి చేతిలో 3 పులులు, ఇంకొకరి చేతిలో 15 మేకలు. పులి పక్కనున్న మేకమీదుగా అవతలి ఖాళీలోకి దూకి దాన్ని తినేస్తుంది. మేక మాత్రం ఏ పులినీ తినలేదు, దారికి అడ్డం నిలబడడం తప్ప దానికి వేరే ఆయుధం లేదు. ఇంత ఎగుడుదిగుడుగా ఉన్నా ఆట తరాలుగా బతికి ఉంది. ఎప్పుడూ ఒకే పక్షం గెలిచే ఆటను ఎవరూ ఇన్ని తరాలు ఆడరు. కాబట్టి దీనిలో సమతూకం ఎక్కడో ఉంది, కానీ అది పావుల బలంలో లేదు. ఎక్కడుందో తేలితే, డంజన్స్ అండ్ డ్రాగన్స్ వంటి రోల్‌ప్లేయింగ్ ఆటల్లో యోధుడికీ మాంత్రికుడికీ మధ్య సమతూకం గురించి అరశతాబ్దంగా నలుగుతున్న వాదానికి కూడా కొంత దారి దొరుకుతుందని ఈ వ్యాసం ప్రతిపాదన.

ముందు లెక్క చూద్దాం. కొండలాంటి త్రిభుజాన్ని అడ్డగీతలు కోసే ఈ పటంలో, ఎక్కువగా వాడుకలో ఉన్న రూపంలో, 23 కూడళ్లుంటాయి. ఒక్క మేకా చావకుండా 15 మేకలూ పటం మీదికి వస్తే పావులు మొత్తం 18, ఖాళీలు 5. పులులు కదలాలన్నా దూకాలన్నా ఆ 5 ఖాళీలే ఆధారం. ఒక మేక చచ్చిందంటే మేకల బలం ఒకటి తగ్గడమే కాదు, పులికి ఊపిరాడే చోటు ఒకటి పెరుగుతుంది. 5 మేకలు పోయేసరికి ఖాళీలు 10 అవుతాయి, అంటే రెట్టింపు. ఇక పులిని కదలకుండా కట్టి మేకలు గెలవడం దాదాపు కలే. ఇంకో నియమం కూడా ఉంది: మేకలన్నీ పటం మీదికి వచ్చేదాకా ఏ మేకా కదలకూడదు. అందువల్ల ఆట మొదట్లో పటమంతా పులి రాజ్యం, మేకల చేతివాడు ఒక్కొక్కటిగా పెడుతూ నష్టాన్ని ఓర్చుకోవాలి. చివర్లో పరిస్థితి తిరగబడుతుంది. పులి ఎంత బలమైనదన్న ప్రశ్నకు ఖాళీలెన్ని అని అడగకుండా జవాబు లేదు. ఇద్దరూ పంచుకోక తప్పని ఆ ఖాళీల కొరతే ఈ ఆటకు తూకపురాయి. ఎన్ని మేకలు తింటే పులి గెలిచినట్టు అన్నదానికి ఊరికో లెక్క ఉండడం కూడా ఇందుకు సాక్ష్యమే. పులి గుణాన్నో మేక గుణాన్నో మార్చకుండా, గెలుపు గీతను అటూఇటూ జరిపి ఆటగాళ్లు తూకం సరిచేసుకున్నారు.

ఇది ఊహ మాత్రమే అనేవారికి నేపాల్‌లోని బాఘ్‌చాల్ జవాబు చెబుతుంది. అది మన ఆటకు దగ్గరి చుట్టం: 25 కూడళ్లు, 4 పులులు, 20 మేకలు, 5 మేకలు తింటే పులి గెలుపు. అన్ని పావులూ బతికుంటే మిగిలే ఖాళీ ఒక్కటే. లిమ్ యూ జిన్, యూర్గ్ నీవర్గెల్ట్ అనే పరిశోధకులు ఈ శతాబ్దపు తొలి దశకంలో దీన్ని కంప్యూటర్‌తో విశ్లేషించి, రెండు పక్షాలూ తప్పుచేయకుండా ఆడితే ఆట ఎవరూ గెలవకుండా ముగుస్తుందని తేల్చారు. పావుల బలాల్లో అంత తేడా ఉన్నా ఫలితం సమానమే. అయితే ఒక అభ్యంతరం న్యాయమైనది: తప్పుచేయని ఆటగాడు కంప్యూటర్‌లోనే ఉంటాడు, అరుగుమీద ఉండడు. కొత్తవాడు మేకలు పట్టుకుంటే తొందరపడి పోగొట్టుకుంటాడు, పులిని నడపడం అంతకంటే తేలిక. నిజమే. కానీ పులిమేకలో ఈ తేడాకు మందు సులభం. ఒక ఆట అయ్యాక చేతులు మార్చుకుంటారు, ఇద్దరూ రెండు కష్టాలూ పడతారు. రోల్‌ప్లేయింగ్ ఆటలో ఈ సదుపాయం లేదు. ఎంచుకున్న పాత్రతోనే నెలల తరబడి కాపురం చేయాలి. అక్కడి చిక్కు అంతా ఇక్కడే మొదలవుతుంది.

1974లో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ప్రచురించిన తొలి డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో పాత్రల తరగతులు మూడే: యోధుడు, మాంత్రికుడు, మతగురువు. దొంగ మరుసటి ఏడాది గ్రేహాక్ అనుబంధంతో వచ్చి చేరాడు. ఆ ఆట పులిమేక పద్ధతినే నమ్ముకుంది, కాలంతో తూకం వేసింది. మొదటి స్థాయి మాంత్రికుడికి రోజుకు ఒకే మంత్రం, అది వాడేశాక అతడు ఇతరుల చాటున నక్కాల్సిందే. రెండో స్థాయి చేరడానికి యోధుడికి 2,000 అనుభవాంకాలు చాలు, మాంత్రికుడికి 2,500 కావాలి. పై స్థాయిలకు వెళ్లేకొద్దీ మాంత్రికుడు యుద్ధభూమినే మార్చేస్తాడు, యోధుడు కత్తి కాస్త బాగా తిప్పుతాడు. ఈ ఏర్పాటులో లోపం ఒకటే, కానీ పెద్దది. పులిమేక ఒక్క విడతలోనే ముగుస్తుంది కాబట్టి మొదట్లో పడిన బాధకు చివర్లో ఫలం దక్కుతుంది. నెలల తరబడి సాగే కథ మధ్యలో ఆగిపోతే కింది స్థాయిల్లో బిక్కుబిక్కుమంటూ గడిపినవాడి బాకీ ఎవరూ తీర్చరు. కథ దీర్ఘంగా సాగితే ఈసారి యోధుడు బలి. 2000లో వచ్చిన మూడో సంచిక అందరికీ ఒకే అనుభవాంకాల పట్టిక పెట్టి, ఆ పాత తూకపురాళ్లలో ఒకదాన్ని తీసేసింది.

2008 నాటి నాలుగో సంచిక దీనికి విరుగుడుగా సమతూకాన్ని తరగతి వర్ణనలోనే రాసిపెట్టాలని చూసింది. ఎప్పుడైనా వాడగల శక్తులు, పోరాటానికొకసారి వాడేవి, రోజుకొకసారి వాడేవి అంటూ యోధుడికీ మాంత్రికుడికీ ఒకే చట్రం ఇచ్చింది. లెక్క కుదిరింది. కానీ పాత్రలన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయని చాలామంది ఆటగాళ్లు పెదవి విరిచారు. పులికీ మేకకూ ఒకే కదలిక ఇస్తే తూకం సరిపోతుంది, పులిమేక మాత్రం మిగలదు. 2014 నాటి ఐదో సంచిక మళ్లీ తేడాల వైపు మళ్లింది. దానిలో యోధుడి ముఖ్యమైన శక్తులు చిన్న విశ్రాంతితో తిరిగి వస్తాయి, మాంత్రికుడి మంత్రాలు ప్రధానంగా రాత్రి నిద్రతోనే వస్తాయి. అంటే ఈ రెండు తరగతుల తూకం వాటి పేజీల్లో లేదు, ఒక విశ్రాంతికీ మరో విశ్రాంతికీ మధ్య ఎన్ని పోరాటాలు జరుగుతాయన్నదానిలో ఉంది. ప్రతి పోరాటం తర్వాతా పడుకోనిచ్చే, కథ నడిపే నిర్వాహకుడు మాంత్రికుడి కొరతను మాయం చేస్తాడు, అలసట ఎరగని కత్తికి విలువ లేకుండా చేస్తాడు. పులిమేక పటంలో ఖాళీకి ఏ స్థానముందో ఇక్కడ విశ్రాంతికి అదే స్థానం.

పులిమేకలో ఇద్దరూ శత్రువులు, రోల్‌ప్లేయింగ్‌లో అందరూ ఒక జట్టు, ఈ పోలిక ఎలా చెల్లుతుందని అడగవచ్చు. ఒకే జట్టయితే ఒకడు బలవంతుడైనందువల్ల మిగతావారికి లాభమే కదా? కానీ ఆటగాడు బల్ల దగ్గరికి వచ్చేది జట్టు గెలుపు చూడడానికి కాదు, తన నిర్ణయం వల్ల ఏదో ఒకటి మారాలని. మన పద్యనాటక సమాజాలకు ఈ సంగతి బాగా తెలుసు. పాండవోద్యోగ విజయాల ప్రదర్శనల్లో కృష్ణుడి వేషానికి పద్యాలెక్కువ, పేరెక్కువ. ఆ పాత్రను తగ్గించి రాయమని ఎవరూ అడగలేదు, ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అంటూ రంగాలవారీగా నటులకు పంచారు. పాత్ర ఘనత అలాగే ఉంది, పంచుకున్నది రంగస్థల సమయం. జట్టు ఆటలో కొరతైన సరుకు కూడా అదే. మంత్రం ఒక్కదానితో తాళం, గోడ, శత్రువు మూడూ తొలగిపోతుంటే దొంగకూ యోధుడికీ రంగమే దొరకదు. వారి బలం అంకెల్లో ఎంత పెంచినా ఆ లోటు తీరదు.

అందుచేత తరగతుల సమతూకాన్ని దెబ్బల సగటుతో కొలిచే పద్ధతి అసంపూర్ణం. విశ్రాంతుల నడుమ దూరాన్నీ, ఒక్కో పాత్ర నిర్ణయం మీద ఆధారపడే సందర్భాలనూ కలిపి చూడాలి. ఇలాంటి అధ్యయనానికి మన దగ్గర సొంత ఆధారాలున్నాయి, అవి చెదిరిపోతున్నాయి. పటంలో కూడళ్లెన్ని, మేకలెన్ని, ఎన్ని పోతే ఓటమి అన్న వివరాలు ఒక్కో ఊళ్లో ఒక్కో రకం. నల్లమల అంచు మండలాల్లో జానపద విజ్ఞానం మీద పనిచేసే విద్యార్థులు పులిమేకను పాటల జాబితా చివర ఒక పేరుగా వదిలేయకుండా, పటాలు గీయించి, నియమాలను ఊరివారీగా అంకెలతో సహా నమోదు చేయాలి.