నోబుల్ దొర బడి నుంచి మన నోట్‌ఫైలు దాకా: డెల్టాలో ఇంగ్లీషు సాధన

ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్ర మీద ఏదైనా రాయమని కార్యదర్శిగారు కోరారు. వల్లూరు జమీందారుల గురించి, కృష్ణ వరదల గురించి, కరకట్ట గురించి పెద్దలు లోగడ రాసే ఉన్నారు. ముప్పయ్యేళ్లపాటు మనందరికీ అన్నం పెట్టి, మనలో చాలామందిని భయపెట్టిన ఇంగ్లీషును మన వైపువారు ఎలా నేర్చుకున్నారన్నది మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. అందుకని ఆ విషయం ఎత్తుకుంటున్నాను.

ముందుగా ఒక తమాషా చెప్పాలి. తెలుగువాడు ఇంగ్లీషు నేర్వడానికి మొదట ఆసరా అయిన పెద్ద నిఘంటువులు తెలుగువాడి కోసం తయారైనవి కావు. బందరులో కూడా ఉద్యోగం చేసిన సి.పి. బ్రౌన్ దొర పండితులను కూర్చోబెట్టుకుని 1850 దశకంలో అచ్చు వేయించిన నిఘంటువుల ముఖ్యోద్దేశం దొరలకు తెలుగు నేర్పడం. మనవాళ్లు వాటినే రెండోవైపు నుంచి వాడుకున్నారు. తరవాత వచ్చిన శంకరనారాయణ ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు మాత్రం అచ్చంగా మన అవసరానికి పుట్టింది. అట్టలు ఊడిపోయి, గుడ్డ పట్టీ వేసిన ఆ పుస్తకం లేని కరణంగారి ఇల్లు, ప్లీడరుగారి ఇల్లు అరుదు.

ఇక బడి సంగతి. రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్ అనే మిషనరీ 1841లో బందరు వచ్చి, రెండేళ్లు తెలుగు నేర్చుకుని, 1843 నవంబరులో ఇంగ్లీషు బడి తెరిచాడు. అదే పెరిగి నోబుల్ కళాశాల అయింది. పిల్లలను పంపిన తండ్రులకు కావలసింది ఇంగ్లీషు, ఆయన చెప్పదలచినది బైబిలు. ఈ రెండింటి మధ్య బేరం కొన్నేళ్లు బాగానే సాగింది. 1852లో ఇద్దరు విద్యార్థులు క్రైస్తవం పుచ్చుకోవడంతో ఊరు అట్టుడికిపోయింది. తండ్రులు పిల్లలను మాన్పించారు, బడి దాదాపు ఖాళీ అయింది. విశేషమేమంటే కొంతకాలానికి పిల్లలు మళ్లీ వచ్చారు. మతం పోతుందన్న భయం ఒకవైపు, కొలువు పోతుందన్న భయం మరొకవైపు ఉంటే రెండోదే గెలిచింది. ఆ తండ్రులను తప్పు పట్టడం నావల్ల కాదు. అయితే ఆ బడి తలుపులు మొదట్లో అందరికీ తెరవలేదన్నది కూడా చెప్పుకోవాలి. పై కులాలవారు రారేమోనన్న శంకతో కింది కులాల పిల్లలను బయటే ఉంచారు. నోబుల్ 1864 నాటి బందరు ఉప్పెనను కూడా చూసి, 1865లో ఆ ఊళ్లోనే కన్ను మూశాడు.

అదే రోజుల్లో బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయింది. 1859లో కృష్ణా జిల్లా ఏర్పడి బందరు దానికి ముఖ్యపట్టణమయింది. కాలువ నీరు వచ్చి మాగాణి పండితే రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి. నీటి తీరువా, పట్టా, కోర్టు కాగితం అన్నిటా పైస్థాయిలో భాష ఇంగ్లీషే. చదువుకు డబ్బూ, చదువు అవసరమూ రెండూ ఆ కాలువల వెంటే వచ్చాయన్నమాట. మన తోట్లవల్లూరు వంటి ఊళ్ల పిల్లలు బందరులో వారాలు చేసుకునో, బంధువుల ఇంట ఉండో చదివారు.

దీనికి ఎదురుగాలీ బందరులోనే వీచింది. స్వదేశీ ఉద్యమపు ఊపులో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్యగార్లు 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపించారు. ఇంగ్లీషు డిగ్రీ, సర్కారు కొలువు కాకుండా చేతిపని, స్వభాష, స్వాభిమానం వారి ధ్యేయం. అయినా పట్టాభిగారు 1919లో బందరు నుంచి ‘జన్మభూమి’ అనే వారపత్రిక నడిపింది ఇంగ్లీషులోనే. కాంగ్రెసు చరిత్ర రాసిందీ ఇంగ్లీషులోనే. దొరను ఎదిరించడానికీ దొర భాష కావలసి వచ్చింది.

మన తరానికి వద్దాం. నేను ఏబీసీడీలు దిద్దింది ఆరో తరగతిలో. మా పెద్దవాళ్లకు నెస్‌ఫీల్డు వ్యాకరణం, మాకు రెన్ అండ్ మార్టిన్. ఈ రెన్ దొర బొంబాయి విద్యాశాఖలో పనిచేసినవాడు, ‘బో జెస్టే’ అనే సాహస నవలతో లోకమంతా పేరు తెచ్చుకున్నవాడు. అంతటి కథకుడి నుంచి మనకు దక్కింది మాత్రం పార్సింగ్, ఎనాలిసిస్, యాక్టివ్ వాయిస్, పాసివ్ వాయిస్!

వ్యాకరణం బట్టీ పడితే వచ్చేది కాదు, ఎందుకంటే చిక్కంతా మన భాషకూ దానికీ ఉన్న తేడాలో ఉంది. తెలుగులో క్రియ చివర కూర్చుంటుంది, ఇంగ్లీషులో నడుమకు వస్తుంది. ‘నిన్న వచ్చిన మనిషి’ అని మనం విశేషణాన్ని ముందు పెడితే, వారు మనిషిని ముందు నిలబెట్టి ‘హూ కేమ్ ఎస్టర్‌డే’ అని వెనక తగిలిస్తారు. మన విభక్తులు మాట చివర అతుక్కుంటే, వారి ప్రిపొజిషన్లు ముందు నడుస్తాయి. ఇక ఆర్టికల్స్ సంగతి చెప్పనే అక్కరలేదు. కృష్ణానదికి ‘ది’ పెట్టాలి, తోట్లవల్లూరుకు పెట్టకూడదు. ఎందుకని అడిగితే మా మాస్టారు బెత్తం చూపించేవారు.

కాంప్రహెన్షన్ అని ఒకటుండేది. ఒక పేరా, కింద అయిదు ప్రశ్నలు. ప్రశ్నలోని మాట పేరాలో ఎక్కడుందో వెదికి, ఆ వాక్యం ఎత్తి రాస్తే మార్కులు పడేవి. పేరా అర్థం కావలసిన పనే లేదు! ఈ రోగానికి మందు మన దేశంలోనే రెండుసార్లు తయారయింది. ఢాకాలో పనిచేసిన మైకేల్ వెస్ట్ ఈ దేశపు పిల్లవాడికి ముందు కావలసింది చదివి గ్రహించడమని 1926లోనే వాదించి, కొత్త మాటలను కొద్దికొద్దిగా తెస్తూ, వచ్చినవాటిని మళ్లీ మళ్లీ కనిపించేలా రీడర్లు రాశాడు. సుమారు రెండువేల ముఖ్యపదాలతో ఆయన 1953లో వెలువరించిన జాబితా ప్రపంచమంతా వాడకంలోకి వెళ్లింది. తరవాత 1979 నుంచి 1984 వరకు ఎన్.ఎస్. ప్రభుగారు దక్షిణాదిలో కొన్ని బడుల్లో వ్యాకరణ పాఠం పక్కన పెట్టి, పిల్లలకు రైల్వే టైంటేబులు, ఊరి పటం వంటివి ఇచ్చి లెక్క తేల్చమన్నారు. రైలు ఎన్నింటికి చేరుతుందో తేల్చాలంటే చదివింది అర్థం కాక తప్పదు. నా మటుకు నాకు ఈ పద్ధతి నచ్చింది.

ఉద్యోగంలో చేరాక మనం నేర్చుకున్నదీ ఇలాగే కాదూ? ‘విత్ రిఫరెన్స్ టు ది సబ్జెక్ట్ సైటెడ్’ అని ఎవరూ పాఠం చెప్పలేదు. హెడ్ గుమాస్తాగారి పాత డిస్పోజళ్లు తిరగేసి, ఆయన ఎర్రసిరా దిద్దుబాట్లు చూసి పట్టుకున్నాం. తెలుగువాడి నోట సహజంగా రాని పాసివ్ వాయిస్ నోట్‌ఫైలులో మాత్రం ‘ఇట్ ఈజ్ సబ్మిటెడ్ దట్’ అంటూ రాజ్యమేలింది. ఎవరు చేశారో చెప్పకుండా పని జరిగిందని చెప్పడానికి అంతకన్న గొప్ప సాధనం లేదు. 1966లో తెలుగు అధికార భాష అయినా ఆ వాక్యాలు ఫైళ్లలో చాలా ఏళ్లు నిలిచాయి.

ఇప్పుడు మన రాజధానిగా ఉండిన హైదరాబాదు పరాయివారికి ఇంగ్లీషు నేర్పిన కథ. 1958లో అక్కడ కేంద్ర ఆంగ్ల సంస్థ వెలిసింది. కన్నడ కవి వి.కె. గోకాక్‌గారు దానికి తొలి డైరెక్టరు. అదే 2007లో ఇఫ్లూ అనే కేంద్ర విశ్వవిద్యాలయం అయింది. వియత్నాం వంటి దేశాలవారు కూడా అక్కడికి వచ్చి శిక్షణ పొందారు. ఫ్రెంచి, రష్యన్ల తరవాత వియత్నాం ఇంగ్లీషువైపు మళ్లింది 1986 నాటి ఆర్థిక సంస్కరణల నుంచి. వారి కష్టం మనకు తలకిందులు. వారి లిపి రోమన్ అక్షరాలే, వాక్యంలో క్రియ ఇంగ్లీషులాగే నడుమ ఉంటుంది. కాని వారి క్రియ కాలాన్నిబట్టి రూపం మారదు, ముందు ఒక చిన్న మాట చేర్చితే సరి. బహువచనానికీ నామవాచకం మారదు. అందుకని వారికి ‘గో, వెంట్, గాన్’ పెద్ద కొండ. క్రియను నూరు రకాలుగా వంచే మనకు అది కొండ కాదు. మాట చివరి హల్లును వారు మింగేస్తారు, మనం ‘బస్సు, కారు’ అని అచ్చు తగిలిస్తాం. ఆర్టికల్స్ దగ్గర మాత్రం ఇద్దరమూ ఒకే గోతిలో పడతాం.

ఇంట్లో చుట్టాలు రాగానే జరిగే వాదం ఇంగ్లీషు మీడియం గురించి. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒకటి నుంచి ఆరు తరగతులకు ఇంగ్లీషు మీడియం అంటూ 85వ నంబరు జీవో ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. ఆ ఏడే ఒకవైపు పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషుగా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. కూలివాని బిడ్డకు ఇంగ్లీషు అక్కరలేదనే హక్కు, పిల్లలను కాన్వెంట్లకు పంపుకున్న మనకు లేదు. అలాగని మీడియం మార్చితే భాష వచ్చేస్తుందన్నదీ నేను ఒప్పుకోను. సైన్సు అర్థం కాక, ఇంగ్లీషు రాక రెండింటా మునిగే పిల్లలను చూస్తున్నాం. పిల్లవాడికి రోజూ చదవడానికి తేలిక పుస్తకం, అడిగితే చెప్పే మనిషి ఉండాలి.

సంఘ భవనంలో సాయంత్రాలు ఆరు నుంచి ఏడు దాకా గది ఖాళీగానే ఉంటోంది. పదో తరగతి పిల్లలను కూర్చోబెట్టి చదివించడానికి ఓపిక ఉన్న సభ్యులు కార్యదర్శిగారికి పేరు ఇవ్వగలరు. ఇళ్లలో పాత రీడర్లు, నిఘంటువులు ఉంటే తెచ్చి ఇవ్వండి, అట్టలు నేను వేయిస్తాను. రైల్వే టైంటేబులు ఒకటి నా దగ్గర సిద్ధంగా ఉంది.