బోదకాలు, దోమ, మనం

బోదకాలు పూర్వజన్మ పాపమని మన అమ్మమ్మలు అనేవారు. కాదండీ! దారంలాంటి సన్నని పురుగు చేసే పని అది. దాని పిల్లలు దోమ ఒంట్లో పెరుగుతాయని 1877లో చైనాలో పాట్రిక్ మాన్సన్ అనే డాక్టరు కనిపెట్టాడు. ఆ దారినే రోనాల్డ్ రాస్ 1897లో మన సికిందరాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు.

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ వెలిసింది. చుట్టూ మేడలు లేచాయి కాని, బోదకాలు దోమకు పుట్టిల్లు ఇప్పటికీ మురుగునీరే. సెప్టిక్ ట్యాంకు గొట్టానికి దోమతెర గుడ్డ కట్టించండి.

పురుగు ఒంట్లో ఉన్నా ఏళ్లతరబడి తెలియదు. కాలు బాగా వాచాక మామూలు కావడం కష్టం. అందుకే ఆరోగ్య కార్యకర్త మాత్రలు తెస్తే, "మాకేం జబ్బు?" అనకుండా భోంచేసి వేసుకోండి. గర్భిణులకు, రెండేళ్లలోపు పసివాళ్లకు మాత్రం వద్దు.