గృహ ఆరోగ్య సహాయకుల శిక్షణ: కడోదరా, సూరత్

మంచం పట్టినవారికి, వయసు మీదపడి కదల్లేనివారికి, ఆపరేషన్ అయి ఆస్పత్రి నుంచి ఇల్లు చేరినవారికి ఇంట్లోనే ఉండి ఒంటి పనులన్నీ చేసిపెట్టే ఉద్యోగిని గృహ ఆరోగ్య సహాయకురాలు అంటారు. మగవారైతే సహాయకుడు. కేంద్ర ప్రభుత్వ నైపుణ్య పత్రాల్లో ఈ ఉద్యోగం పేరు హోమ్ హెల్త్ ఎయిడ్. ఆ పేరు పెట్టి పిలిచేవారు ఎక్కడో గానీ కనపడరు. తెలుగిళ్లలో కేర్‌టేకర్, ఆయా. గుజరాతీ ఇళ్లలో ఆయాబెన్. చాలామంది ‘నర్సమ్మా’ అనేస్తారు. అది మర్యాద కోసం అన్నా పొరపాటే. నర్సు కావాలంటే ఏఎన్ఎం, జీఎన్ఎం, బీఎస్సీ నర్సింగ్‌లలో ఒకటి చదివి రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. దానికి 1947 నాటి భారత నర్సింగ్ కౌన్సిల్ చట్టం ఉంది. సహాయకురాలి శిక్షణ కొన్ని నెలల్లో ముగిసిపోతుంది. ఈ తేడా తెలియకే ఇళ్లలో సగం గొడవలు వస్తాయి.

కడోదరాలో అవసరం

సూరత్ జిల్లా పల్సాణా తాలూకాలోని కడోదరా రెండు జాతీయ రహదారుల కూడలి. ఢిల్లీ నుంచి ముంబయి మీదుగా చెన్నై పోయే 48వ నంబరు రోడ్డు, హజీరా నుంచి నాగ్‌పూర్ మీదుగా పారాదీప్ పోయే 53వ నంబరు రోడ్డు ఇక్కడ కలుస్తాయి. చుట్టూ మరమగ్గాల షెడ్లు, అద్దకం మిల్లులు. పనివాళ్లలో ఎక్కువమంది వేరే రాష్ట్రాలవాళ్లే. తెలంగాణ నుంచి మగ్గాల పనికి వలస వచ్చిన పద్మశాలీలు సూరత్‌లో తరాలుగా స్థిరపడ్డారు. అక్కడి నగరపాలక పాఠశాలల్లో గుజరాతీ, మరాఠీ, ఒడియాలతోపాటు తెలుగు మాధ్యమం కూడా ఉండటం ఆ వలస ఎంత పెద్దదో చెబుతుంది.

మగ్గం షిఫ్టు పన్నెండు గంటలు. ఒంటిగది ఇల్లు. ఊళ్లో అయితే పక్కింటి పెద్దమ్మ, వీధి చివర చిన్నాయన ఒక పూట కూర్చునేవారు. ఇక్కడ వాళ్లెవరూ లేరు. తల్లికి పక్షవాతం వచ్చి కాలూ చెయ్యీ పడిపోతే కొడుకో కోడలో కూలి మానుకోవలసిందే. అందుకే ఇలాంటి చోట ఈ శిక్షణకు రెండు ముఖాలు: నేర్చుకున్న ఆడపిల్లకు అదొక ఉద్యోగం, ఆ పిల్ల ఉన్న ఇంటికి అదొక ధీమా. పెద్ద ప్రభుత్వాస్పత్రులు సుమారు 15 కిలోమీటర్ల దూరంలోని సూరత్ నగరంలో ఉన్నాయి: మజూరా గేట్ దగ్గర న్యూ సివిల్, ఉమర్‌వాడాలో స్మిమేర్.

శిక్షణ రూపం

దేశంలో ఈ ఉద్యోగానికి పాఠ్యప్రణాళికను, పరీక్షను నిర్ణయించేది హెల్త్‌కేర్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్. ఆస్పత్రి వార్డులో పనిచేసే జనరల్ డ్యూటీ అసిస్టెంట్‌కు హెచ్ఎస్ఎస్/క్యూ 5101 అనే సంకేతం, ఇంట్లో పనిచేసే సహాయకురాలికి 5102. పక్కపక్క నంబర్లే, పాఠాలూ చాలావరకు ఒకటే. కానీ వార్డులో పిలిస్తే పలికే సిస్టర్ ఉంటుంది, ఇంట్లో ఉండదు. ఇంటికి వెళ్లే అమ్మాయికి అసలైన కష్టం అదే.

2015 జూలై 15న మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన ఈ కోర్సులను ఉచితంగా నేర్పించింది. కోవిడ్ రెండో ఉధృతి తర్వాత 2021 జూన్ 18న అదే పథకం కింద లక్షమందికి ఆరు రకాల సత్వర శిక్షణ ప్రకటించారు. ఆ ఆరింటిలో హోమ్ కేర్ సపోర్ట్ ఒకటి. ఆక్సిజన్ సిలిండర్ పక్కన పెట్టుకుని ఇళ్లలోనే రోజులు లెక్కపెట్టిన ఆ వేసవి గుర్తున్నవారికి కారణం చెప్పనక్కర్లేదు.

పోలిక కోసం చూస్తే, అమెరికాలో మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా సొమ్ము తీసుకునే సంస్థ నియమించుకునే సహాయకురాలికి కనీసం 75 గంటల శిక్షణ, అందులో కనీసం 16 గంటలు పర్యవేక్షణలో చేతిపని, ఆపైన ఏటా 12 గంటల తరగతులు తప్పనిసరి. మన దగ్గర సర్టిఫికెట్ ఉంటే మంచిదే, లేకపోయినా ఇంట్లో పనికి కుదరడానికి అడ్డేమీ లేదు. ఈ రంగంలో అన్నిటికంటే పెద్ద లోపం ఇదేనని చెప్పాలి. నేర్చుకున్న చేతికీ నేర్వని చేతికీ తేడా కుటుంబానికి తెలిసేసరికి రోగి వీపున పుండు పడి ఉంటుంది.

చేతిపని

శిక్షణ గుండెకాయ మందుల పేర్లలో లేదు, మనిషిని పక్కకు తిప్పడంలో ఉంది. తరగతిలో ఒక మంచం, బొమ్మ బదులు తోటి విద్యార్థిని. తిప్పబోతున్నామని ముందు నోటితో చెప్పాలి. స్పృహ ఉన్నా లేకున్నా చెప్పాలి. తనవైపు తిప్పాలనుకుంటే ముందు రోగిని అవతలి అంచు వైపు జరపాలి, లేకపోతే తిరిగాక మంచం అంచున వేలాడుతుంది. ఇవతలి చెయ్యి ఒంటికి ఎడంగా, అవతలి చెయ్యి రొమ్ము మీదుగా, అవతలి మోకాలు మడిచి, భుజం మీద ఒక చెయ్యి, తుంటి మీద ఒక చెయ్యి వేసి ఒక్క ఊపున తనవైపు దొర్లించాలి. వీపు వెనక ఒక దిండు, మోకాళ్ల మధ్య ఒక దిండు. ఇదంతా సహాయకురాలు నడుము వంచి కాదు, మోకాళ్లు వంచి చేయాలి. లేకపోతే రెండేళ్లలో ఆమే మంచం పడుతుంది.

ఇలా రెండు గంటలకోసారి, రాత్రి కూడా. పిరుదుల పైభాగం, మడమలు, తుంటి, మోచేతులు, తల వెనక: ఎముక చర్మానికి దగ్గరగా ఉన్నచోటల్లా పుండు పడే ప్రమాదం ఉంది. చర్మం ఎర్రబడితే వేలితో నొక్కి వదలాలి. తెల్లబడి మళ్లీ రంగు వస్తే సరే. ఎర్రగానే ఉండిపోతే పుండు మొదలైనట్టు. మన ఇళ్లలో వెంటనే కొబ్బరినూనె తెచ్చి మర్దన చేస్తారు. ఎర్రబడ్డ చోట రుద్దకూడదు. లోపల నలిగిన కండ మరింత నలుగుతుంది. నేర్పడం కంటే మాన్పించడం కష్టమైన పాఠం ఇది.

బట్టల విషయంలో సూత్రం చిన్నది: తొడిగేటప్పుడు చచ్చుబడ్డ చెయ్యి ముందు, విప్పేటప్పుడు చివర. తినిపించడం అంత చిన్నది కాదు. పక్షవాతం వచ్చినవారిలో కొందరికి మింగడం దెబ్బతింటుంది. వారికి జావ కంటే పలచని నీళ్లు, చాయ్ ఎక్కువ ప్రమాదం, ఊపిరితిత్తుల్లోకి జారతాయి. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి వంచి, నోటిలో బాగున్న వైపు నుంచి చెంచా పెట్టాలి. బుగ్గలో ముద్ద మిగిలిందేమో చూడాలి. ముక్కు గొట్టం ద్వారా పోసేటప్పుడూ తల ఎత్తుగా ఉండాలి, పోశాక కనీసం అరగంట అలాగే ఉంచాలి.

యూరిన్ బ్యాగ్ మూత్రాశయం కంటే కింద ఉండాలి, నేలకు తగలకూడదు. పుస్తకంలో ఇది ఒక్క వాక్యం. ఆస్పత్రి మంచానికి కొక్కెం ఉంటుంది. ఒంటిగది ఇంట్లో రోగి పడుకునేది నేలకు జానెడెత్తు మంచం మీద, ఒక్కోసారి చాప మీద. అప్పుడు శుభ్రమైన చిన్న టబ్బు పెట్టి అందులో బ్యాగ్ ఉంచాలనో, మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టాలనో ఆలోచన తట్టాలి. గురువు మంచివాడైతే ఇలాంటివే నేర్పుతాడు.

చేతులు కడుక్కోవడం (సబ్బుతో 40 నుంచి 60 సెకన్లు), జ్వరం, నాడి, బీపీ, ఆక్సిజన్ శాతం చూసి వేళతో సహా నోటుపుస్తకంలో రాయడం ప్రతి బ్యాచ్‌కూ మామూలే. నాడి నిమిషానికి 60 నుంచి 100, శ్వాస 12 నుంచి 20 పెద్దవారిలో సాధారణం.

హద్దులు

ఇంజెక్షన్, సెలైన్, గొట్టాలు వేయడం, మార్చడం, మందు మోతాదు పెంచడం తగ్గించడం సహాయకురాలి పని కాదు. ‘ఇంత చేస్తున్నావు, ఆ ఇన్సులిన్ ఒక్కటి పొడవమ్మా’ అని ఇంటివాళ్లు బతిమాలతారు. కాదనడం శిక్షణలో భాగం. రెండోవైపు ఒత్తిడి ఇంకా సాధారణం: ‘ఖాళీగానే ఉన్నావుగా, ఆ గిన్నెలు కాస్త తోమిపెట్టు’. రోగి పక్క, రోగి గది, రోగి తిండి ఆమె బాధ్యత. ఇంటి చాకిరీ కాదు. ఈ మాట మొదటిరోజే తేల్చుకోకపోతే నెల తిరక్కుండానే పని మానేస్తుంది.

నాలుగు గోడల మధ్య పనిచేసే ఆడమనిషి భద్రత సంగతి తరగతిలో తరచూ దాటేస్తారు. పని ప్రదేశంలో లైంగిక వేధింపుల నిరోధక చట్టం (2013) నివాస గృహాన్ని కూడా పని ప్రదేశంగానే లెక్కిస్తుంది. ఫిర్యాదు జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఇవ్వవచ్చు.

భాష

మతిమరుపు జబ్బు ముదిరినవారిలో తర్వాత నేర్చిన భాష ముందు జారిపోయి, చిన్ననాటి భాష మిగలడం వైద్యులు తరచూ చూసేదే. నలభై ఏళ్లు గుజరాతీలో బేరమాడిన అవ్వ చివరికి తెలుగులోనే దాహమంటుంది. ఆ ఇంటికి తెలుగు వచ్చిన సహాయకురాలు దొరకడం అదృష్టం. అటు గుజరాతీ ఇంటికి వెళ్లే తెలుగు పిల్ల పెద్దావిడను ‘బా’ అని, పెద్దాయనను ‘దాదా’ అని పిలవాలి. ‘దుఖే ఛే?’ అంటే నొప్పిగా ఉందా అని. ‘ధీమే ధీమే’ అంటే మెల్లగా.

విదేశాలు

ఇదే పని మీద తెలుగువారు ఇజ్రాయెల్‌కు వెళ్లడం పాత సంగతి. నిజామాబాద్, కరీంనగర్, గోదావరి జిల్లాలవారు అక్కడ వృద్ధులను చూసుకుంటున్నారు. 2023 మేలో భారత్, ఇజ్రాయెల్ కుదుర్చుకున్న ఒప్పందంలోని 42,000 మందిలో 8,000 మంది ఈ రకం సేవకే. జపాన్‌తో 2021 జనవరిలో ఒప్పందం జరిగింది; అక్కడ ఈ పనిని కైగో అంటారు, జపనీస్ భాషా పరీక్ష తప్పదు.

ఇంట్లో కుదుర్చుకునేవారికి

సర్టిఫికెట్ చూడండి, పోలీస్ వెరిఫికేషన్ చేయించండి. ఆ రెంటికంటే ముందు, మీ ముందే రోగిని ఒకసారి పక్కకు తిప్పమనండి. తిప్పే ముందు రోగితో ఒక మాట చెప్పిందా, లేదా అన్నది గమనించండి. ఊపిరాడకపోయినా, మూతి వంకరపోయినా, స్పృహ తప్పినా ఆమె చేయవలసిన మొదటి పని 108కి ఫోన్. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలై 2007లో గుజరాత్‌కు చేరిన ఆ నంబరే కడోదరాలోనూ పనిచేస్తుంది.