ఫిరంగే పతాకమైన దళం

మన పత్రికలవారు ఆర్టిలరీని శతఘ్ని దళమని రాస్తూ ఉంటారు. శతఘ్ని వాల్మీకి రామాయణంలో లంకాప్రాకారాల మీద కనిపించే ఆయుధం. నూరుగురిని చంపునది అని వ్యుత్పత్తి. అది మందుగుండుతో పేలేదనడానికి మాత్రం ఆధారం లేదు. జనం నోట నిలిచినవి వేరే మాటలు. తోపు తురుష్క శబ్దం. ఫ్రాంకులన్న ఐరోపా జాతి పేరు పారసీకుల నోట ఫరంగీ అయి, చివరకు మన భాషలో వారు తెచ్చిన ఆయుధానికే పేరైంది. దాన్ని పేల్చేవాడు గోలందాజు, అంటే గోళాన్ని విసిరేవాడు. అదీ పారసీకమే. 1757లో బుస్సీ ఫిరంగులు బొబ్బిలి కోటను ఏం చేశాయో బుర్రకథ విన్న ప్రతి తెలుగువాడికీ తెలుసు.

ఆయుధం పేరు పరాయిదైనట్టే, దానిమీద హక్కు కూడా చాలాకాలం మనవాళ్లకు దక్కలేదు. ఫిరంగిని ఎవరి చేతిలో పెట్టవచ్చు అన్న ప్రశ్న చుట్టూనే భారత శతఘ్ని దళ చరిత్ర అంతా తిరిగిందని నా అభిప్రాయం.

1827 సెప్టెంబరు 28న బొంబాయి సైన్యంలో ఒక గోలందాజు దళం ఏర్పడింది. తరవాత అది 5వ బొంబాయి పర్వత బ్యాటరీగా పేరొందింది. ఆ తేదీనే ఇప్పటికీ గన్నర్స్ డేగా జరుపుకుంటారు. ముప్పై ఏళ్లకు 1857 తిరుగుబాటు వచ్చింది. బ్రిటిషువారు నేర్చుకున్న పాఠం ఒక్కటే: సిపాయికి తుపాకి ఇవ్వవచ్చు గాని ఫిరంగి ఇవ్వరాదు. కంచరగాడిదల మీద చిన్న ఫిరంగులు మోసుకుపోయే పర్వత బ్యాటరీలు, హైదరాబాదు కంటింజెంటు వంటి కొద్ది మినహాయింపులు తప్ప తక్కిన ఫిరంగులన్నీ తెల్లవారి చేతిలోకి పోయాయి. మైదానంలో వాడే ఫిరంగులతో భారతీయ దళం మళ్లీ ఏర్పడింది 1935 జనవరిలో, బెంగుళూరులో. అంటే నమ్మకం తిరిగి రావడానికి సుమారు ముప్పావు శతాబ్దం పట్టింది.

ఈ దళానికి ఒక విశేషముంది. పదాతి దళాలకు పతాకాలుంటాయి. శతఘ్ని దళానికి ఫిరంగే పతాకం. వందనం దానికే. దాన్ని శత్రువుకు వదిలిపెట్టి రావడం కన్న అవమానం లేదు. 1944 డిసెంబరు 15 రాత్రి బర్మాలోని కలదాన్ లోయలో హవల్దారు ఉమ్రావ్ సింగ్ చేసింది ఈ దృష్టితో చూస్తేనే అర్థమౌతుంది. జపానువారు అలలు అలలుగా మీదపడ్డారు. తోటివారు నేలకొరిగారు. మందుగుండు అయిపోయాక ఆయన ఫిరంగిని తిప్పే ఇనుపకడ్డీ పట్టుకుని చేతులతో పోరాడాడు. మరునాడు ఏడు గాయాలతో, స్పృహలేకుండా, తన ఫిరంగి పక్కనే దొరికాడు. ఆ ఫిరంగి మళ్లీ పేల్చడానికి పనికివచ్చింది. ఆయనకు విక్టోరియా క్రాస్ ఇచ్చారు. 2005లో కాలం చేశాడు.

పతాకం ఇలాంటిది కనుకనే, దాన్ని గురించిన బెంగలూ వేరుగా ఉంటాయి. 1947లో దేశంతోపాటు దళమూ రెండు ముక్కలైంది. ఫిరంగి గుండ్లు పడేచోటును ఆకాశంనుంచి చూసి చెప్పే వైమానికులు 1986 నవంబరులో ఆర్మీ ఏవియేషన్ కోరుగా విడిపోయారు. విమానాలను కూల్చే తోపులవారు 1994 జనవరిలో వేరుపడ్డారు. పరిపాలన దృష్టితో ఇవన్నీ సబబే కావచ్చు. కాని ముప్పై ఏళ్లు ఒకే బిళ్ల ధరించినవాడికి అది అన్నదమ్ముల పంపకంలాగే తోచింది.

ఆ తరవాత ఆయుధాల కరువు వచ్చింది. 1986లో 410 బోఫోర్స్ ఫిరంగులకు ఒప్పందం కుదిరింది. మరుసటి ఏడు ముడుపుల ఆరోపణలు బయటికొచ్చాయి. ఆ భయంతో ప్రభుత్వాలు మారినా సంతకాలు పడలేదు. మళ్లీ కొత్త 155 మి.మీ. ఫిరంగికి విదేశీ ఒప్పందం 2016లో గాని జరగలేదు. బోఫోర్స్ నమూనా నుంచి మనవారు చేసిన ధనుష్ 2019లో చేతికొచ్చింది. ఫిరంగే పతాకమైనప్పుడు, ముప్పై ఏళ్లు కొత్త పతాకం లేకుండా నెట్టుకొచ్చారన్నమాట.

నా దగ్గర చదువుకున్న ఒక శిష్యుడు గోల్కొండలో శిక్షణ పొంది హవల్దారుగా విరమించాడు. ఔరంగజేబు 1687 ముట్టడిలో వాడిన ఫతే రహబర్ తోపు నేటికీ ఆ కోట బురుజుమీదే ఉంది. 1962 నుంచి ఆ పరిసరాల్లోనే ఆర్టిలరీ సెంటరు నడుస్తోంది. అతడు 1999లో కార్గిల్‌లో పనిచేశాడు. ఒకసారి అన్నాడు: "మాస్టారూ, మేమున్నచోట్నించి శత్రువు కనపడడండి. మా గుండు పడ్డచోటూ కనపడదు. అందుకేనేమో, మేమూ ఎవరికీ కనపడం."

ఆ యుద్ధంలో మనవారు పేల్చిన గుండ్లు, రాకెట్లు దాదాపు 2,50,000. శిఖరాలెక్కిన పదాతి వీరుల పేర్లు పిల్లలకు కంఠస్థం. అది న్యాయమే. వారి ముందు దారి కాల్చి పెట్టినవారి పేర్లు మాత్రం ఎవరికీ తెలియవు. ద్రాస్‌లోని 5140వ బిందువుకు 2022 జులైలో గన్ హిల్ అని పేరుపెట్టారు. గుర్తింపు ఇరవైమూడేళ్లకు వచ్చింది.

అదే 2022లో అగ్నిపథ్ వచ్చింది. నాలుగేళ్ల తరవాత గరిష్ఠంగా నాలుగోవంతు మందినే కొనసాగిస్తామన్నారు. తోపుపని ఒక జట్టు పని, చేతినుంచి చేతికి నేర్పేది. దానికి నాలుగేళ్లు చాలునా అన్న మాజీల సంశయం కేవలం పాతకాలపు గొణుగుడు కాదు. అలాగని దళం తలుపు మూసుకోనూ లేదు. 2023 ఏప్రిల్‌లో ఐదుగురు మహిళలు అధికారులుగా అందులో చేరారు. 1857 తరవాత వేసిన ప్రశ్నకు మరొక జవాబది.

దళ నినాదం సర్వత్ర, ఇజ్జత్ ఓ ఇక్బాల్. సంస్కృతమూ ఉర్దూ ఒకే వాక్యంలో ఒదిగిన అరుదైన కూర్పు. అంతటా గౌరవంతో, కీర్తితో అని భావం. అంతటా ఉండేవారికి ఎక్కడా పేరుండకపోవడమే ఇందులోని విషాదం. మీ బంధువుల్లో, మీ ఊళ్లో గోలందాజులెవరైనా ఉంటే, వారి మాటలను వారి తెలుగులోనే రాసిపెట్టండి. ఏ ఏడు ఏ కొండ వెనక ఏ ఫిరంగి దగ్గర నిలబడ్డారో వారే చెప్పగలరు.