వడ్రంగి కాలూ, వడ్రంగి బల్లా

వడ్రంగి పని అనగానే మనకి ఉలి, రంపం, చిత్రిక గుర్తొస్తాయి. తొలిచేదొకటి, కోసేదొకటి, నున్నచేసేదొకటి. కానీ ఈ మూడింటికన్నా ముందు జరగాల్సిన పని ఇంకొకటుంది. చెక్క కదలకూడదు. కదిలే చెక్క మీద ఎంత పదునైన ఉలి పెట్టినా చివరికి తెగేది వేలే! అందుకే ఏ దేశపు వడ్రంగి అయినా అన్నిటికన్నా ముందు జవాబు చెప్పుకోవాల్సిన ప్రశ్న ఒకటే: చెక్కని ఎవరు పట్టుకుంటారు?

మన ఊళ్ళలో దీనికి జవాబు కాలు. యూరప్ చెప్పిన జవాబు బల్ల. ఈ బల్లనే ఇక్కడ అమెరికాలో వర్క్‌బెంచి అంటారు. మా గరాజ్‌లో ఒకటి కట్టుకుందామని పుస్తకాలు తిరగేయడం మొదలుపెట్టాక దీని వెనక రెండువేల ఏళ్ళ చరిత్ర ఉందని తెలిసింది. బల్ల పూర్తయింది గానీ ఆ చరిత్ర మాత్రం నన్ను వదల్లేదు. మీకూ కాస్త చెప్తాను.

క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పాంపేయితో పాటు హెర్క్యులేనియం అనే ఊరినీ కప్పేసింది కదా. ఆ ఊరి తవ్వకాల్లో ఒక గోడబొమ్మ దొరికింది. రెక్కల పిల్లలు ఒక పొట్టి బల్ల దగ్గర వడ్రంగం చేస్తుంటారు. అసలు బొమ్మ తర్వాత పాడైపోయింది, దాన్ని చూసి గీసిన నకళ్ళు మిగిలాయి. జర్మనీలో జాల్‌బుర్గ్ దగ్గరున్న రోమన్ కోటలో ఏకంగా బల్లే దొరికింది. రెండో శతాబ్దం నాటి ఓక్ చెక్క, పొట్టిది. ఇలాంటి పొట్టి బల్ల మీద వడ్రంగి గుర్రం ఎక్కినట్టు కూర్చుని, తన బరువుతోనే చెక్కని అదిమిపెట్టొచ్చు. అంటే రోమన్ వడ్రంగి సగం మనవాడే అన్నమాట!

ఆ తర్వాతి శతాబ్దాల్లో యూరప్ వడ్రంగి మెల్లగా లేచి నిలబడ్డాడు. పొడవాటి పలకల మీద చిత్రిక పట్టాలంటే నిలబడి తోస్తే చేతుల బలంతో పాటు ఒంటి బరువూ కలిసొస్తుంది. కానీ నిలబడినవాడు చెక్క మీద కూర్చోలేడు, కాలితో తొక్కిపెట్టలేడు. శరీరం చేసే పని ఇప్పుడు బల్ల చెయ్యాలి. బల్లకి మొలిచిన కొక్కేలు, బెజ్జాలు, మరలు అన్నీ ఈ అవసరంలోంచి పుట్టినవే.

మర బిగింపు మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. ద్రాక్ష, ఆలివ్ గానుగల్లో చెక్క మరలు రోమన్ల కాలానికే ఉన్నాయి. అయినా బల్లకి మర బిగించిన తొలి బొమ్మల్లో ఒకటి 1505లో నూరెంబర్గ్‌లో తయారైన లోఫెల్‌హోల్జ్ అనే రాతప్రతిలో కనిపిస్తుంది. పదిహేను వందల ఏళ్ళ ఎడం! అంతకాలం మర లేకుండానే పని బ్రహ్మాండంగా నడిచిందని అర్థం.

ఇక అసలు కథానాయకుడి దగ్గరికొద్దాం. ఆంద్రె జకోబ్ రూబో 1739లో పారిస్‌లో పుట్టాడు. తాత వడ్రంగి, తండ్రి వడ్రంగి, తనూ వడ్రంగే. చదువుకునే స్తోమత లేదు. బ్లోందెల్ అనే పేరున్న వాస్తుశిల్పి ఇతని పట్టుదల చూసి డబ్బు తీసుకోకుండా పాఠాలు చెప్పాడు. ఆ రోజుల్లో ఫ్రెంచి సైన్సు అకాడమీ చేతివృత్తులన్నిటి మీదా పుస్తకాలు వేయిస్తోంది. ఎక్కువ భాగం రాసింది పండితులు. పనివాళ్ళని చూసి, అడిగి రాశారు. వడ్రంగం మీద మాత్రం వడ్రంగే రాశాడు. 1769 నుంచి కొన్నేళ్ళపాటు భాగాలుగా వచ్చిన ఆ పుస్తకం వెయ్యి పేజీలు దాటింది. మూడు వందలకి పైగా చిత్రఫలకాలు. వాటిలో ఒకదాంట్లో తన దుకాణం బల్ల గీశాడు.

ఇదే రూబో పారిస్ ధాన్యపు మార్కెట్ మీద చెక్కతో పెద్ద గుమ్మటం కట్టాడు. 1786లో థామస్ జెఫర్సన్ దాన్ని చూసి ముగ్ధుడైపోయాడు. 1802లో అది కాలిపోయింది. గుమ్మటం పోయింది, పుస్తకం మిగిలింది. రెండున్నర శతాబ్దాల తర్వాత ఒక తెలుగు సాఫ్ట్‌వేర్‌వాడు అమెరికాలో ఆ బొమ్మ ముందేసుకుని పైన్ చెక్క కోశాడంటే అది ఆ పుస్తకం చలవే.

ఆ బల్లలో ఉన్న తెలివంతా సరళతలోనే ఉంది. పైచెక్క ఐదారు అంగుళాల మందం. ఉలి మీద కొయ్యసుత్తితో కొడితే బల్ల ఎగరకూడదు, దెబ్బంతా ఉలికే వెళ్ళాలి. కాళ్ళు బల్ల అంచుకి సమానంగా ఉంటాయి, కాబట్టి తలుపంత పలకనైనా నిలువుగా ఆనించి బిగించొచ్చు. కాలి పైచివర చెక్కిన కుసి బల్లలో తొలిచిన కన్నంలోంచి పైదాకా వచ్చి కనబడుతుంది. ఎడమ చివర పైకీ కిందకీ జరిగే చిన్న కొయ్యముక్క ఉంటుంది. చెక్కని దానికి ఆనించి చిత్రిక ముందుకి తోస్తే, తోసే బలమే చెక్కని పట్టి ఉంచుతుంది. ఇంకొకటి ఇనప కొక్కెం. బల్లకున్న బెజ్జంలో దూర్చి నెత్తిన ఒక దెబ్బ వేస్తే, కాడ ఓరగా ఇరుక్కుని కింద ఉన్న చెక్కని అదిమేస్తుంది. వెనకనుంచి ఒక దెబ్బ వేస్తే వదిలేస్తుంది. మర లేదు, స్ప్రింగు లేదు. నేను ఎనిమిది వారాంతాలు తీసుకుని కట్టిన దాంట్లో నాకు బాగా నచ్చింది ఈ కొక్కెమే. ఎత్తుకి ఇక్కడివాళ్ళు చెప్పే కొండగుర్తు ఒకటుంది: నిటారుగా నిలబడి చెయ్యి కిందకి వదిలేస్తే, చిటికెనవేలు అరచేతిని కలిసే చోటికి బల్ల రావాలి.

చివరి మెరుగు గురించి కూడా చెప్పాలి. బల్లకి తళతళలాడే వార్నిష్ పనికిరాదు, చెక్క జారిపోతుంది. అందుకే చాలామంది అవిసె నూనె పడతారు. "నూనే కదా, ఇంట్లో ఉన్న వేరుశనగ నూనె రాస్తే పోలా?" అంటే పోదు. వేరుశనగ నూనె ఎన్నాళ్ళకీ ఆరదు, జిడ్డోడుతూనే ఉంటుంది. అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌ని పీల్చుకుని గట్టిపడుతుంది. గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. ఇక్కడే ప్రమాదం. నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే ఆ వేడి బయటికి పోలేక వాటంతట అవే అంటుకుంటాయి. 1991 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియాలో వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల భవనం ఇలాంటి గుడ్డల వల్లే తగలబడింది. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. కాబట్టి గుడ్డల్ని ఆరుబయట విడివిడిగా పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్ళు నింపిన డబ్బాలో వేసి మూత పెట్టండి.

పందొమ్మిదో శతాబ్దంలో చిత్రిక పట్టే యంత్రాలొచ్చాక ఈ బరువైన బల్ల అవసరం తగ్గింది. కానీ పూర్తిగా పోలేదు, ఎందుకంటే అది రాసిపెట్టి ఉంది. 2007లో క్రిస్టఫర్ ష్వార్జ్ అనే అమెరికన్ రచయిత బల్లల మీద ఒక పుస్తకం రాస్తూ రూబో బొమ్మని మళ్ళీ ముందుకు తెచ్చాడు. ఇవాళ ఇక్కడ వేల గరాజుల్లో ఆ బల్ల ఉంది.

ఇప్పుడు మన కాలి సంగతి. మా ఊళ్ళో ఆచారిగారు నాగలికి తుమ్మ మొద్దు చెక్కేటప్పుడు చూసేవాణ్ణి. ఒక పాదం చెక్క మీద, రెండోది పక్కన ఆనింపుగా. బాడిస బొటనవేలికి బెత్తెడు దూరంలో పడేది. చెక్క తిప్పాలంటే మర విప్పక్కర్లేదు, బిగించక్కర్లేదు, పాదం ఇలా జరిపితే చాలు. పని ఎక్కడుంటే దుకాణం అక్కడే. పొలం గట్టైనా, పెళ్ళివారి అరుగైనా సరే. దీన్ని వెనకబాటుతనం అనుకోవడం తెలివితక్కువ. జపాన్ వడ్రంగులు కూడా నేల మీద కూర్చునే, రంపాన్నీ చిత్రికనీ తమవైపు లాక్కుంటూ పనిచేసి, ప్రపంచం నోరెళ్ళబెట్టి చూసే గుళ్ళు కట్టారు.

తేడా రాతలో వచ్చింది. మనకీ మయమతం, మానసారం లాంటి శాస్త్రాలున్నాయి. అవి కొలతలు చెప్తాయి, అతుకుల పేర్లు కూడా చెప్తాయి. పాదం ఎక్కడ పెట్టాలో మాత్రం కొడుక్కి తండ్రి చూపించాల్సిందే. తెలుగులో ఈ వైపు జరిగిన గొప్ప ప్రయత్నం, భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1962లో వ్యవసాయ పదాలతో మొదలుపెట్టిన మాండలిక వృత్తి పదకోశం. పనివాళ్ళ దగ్గరికి వెళ్ళి, వాళ్ళ నోటి మాట విని రాసుకున్నారు. అలా మాటలైనా దక్కాయి. అయితే మాటని రాసుకోవచ్చు గానీ, పాదం ఎంత ఒత్తిడితో ఆనుతుందో మాటల్లో ఎలా పెడతాం?

రూబో కాలంలో దానికి చిత్రకారుడు కావాలి, రాగిరేకు కావాలి, అకాడమీ అండ కావాలి. ఇవాళ జేబులో ఫోనుంటే చాలు. కరెంటు చిత్రికలొచ్చాక కాలితో చెక్క పట్టే పని నేర్చుకునే కుర్రాళ్ళు తగ్గిపోతున్నారు. ఈసారి మీరు ఊరెళ్ళినప్పుడు, బాడిస పట్టగల పెద్దాయన ఎవరైనా కనిపిస్తే ఒక పూట ఆయన దగ్గర కూర్చోండి. ఆయన ఒప్పుకుంటే వీడియో తీయండి. ముఖంతో పాటు పాదాల్ని కూడా తీయండి. ఏ పరికరాన్ని ఏమంటారో ఆయన చేతే చెప్పించండి. ఆ పూట కూలి ఆయనకి ఇవ్వడం మర్చిపోకండి.